దోదోన్‌పాచిలో చైన్ తెగకుండా స్కోర్ చేయడం ఎలా

"మూడో స్టేజీ దాకా ఒక్క లైఫ్ కూడా పోకుండా వెళ్తున్నాను. అయినా రెండో స్టేజీలోనే చచ్చినవాడి స్కోర్ నాకన్నా ఎక్కువ. ఇదేం లెక్క?" దోదోన్‌పాచి మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. ఆ రెండోవాడు చైన్ కట్టాడు, అంటే మధ్యలో ఎక్కువ వ్యవధి పడకుండా శత్రువుల్ని వరసగా చంపుతూ పోయాడు, మీరు కట్టలేదు. అంతే తేడా.

కేవ్ కంపెనీ 1997లో తెచ్చిన, షిప్ నడుపుతూ శత్రువుల్ని కాల్చే ఆర్కేడ్ ఆటనే దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. దాని తర్వాత వచ్చిన భాగాల్లో కూడా చైన్ ఉంది కానీ నియమాలు కొంచెం కొంచెం మారాయి. వాటి సంగతి చివర్లో చెప్తాను.

ముందే ఒక మాట. వీధి చివర వీడియో గేమ్ షాపులో రూపాయి బిళ్ల వేసి ఆడిన మనలాంటివాళ్లకు ఒక అలవాటు ఉండిపోయింది. బిళ్ల ఎంతసేపు లాగితే అంత గొప్ప. కనబడ్డవాణ్ణి కనబడ్డట్టే కాల్చెయ్, ముందుకు పో. ఈ ఆటలో స్కోర్‌కి అడ్డం పడేది సరిగ్గా ఆ అలవాటే. ఇక్కడ ఎవణ్ణి ఎప్పుడు చంపాలి, ఎవణ్ణి కాసేపు బతకనివ్వాలి అన్నదే ఆట.

## 1. ఆడే ముందు సర్దుకోవలసినవి

ఇది నిలువు తెర ఆట. మామూలు మానిటర్‌లో నడుమ సన్నటి పట్టీలా కనిపిస్తుంది. స్టాండ్ తిరిగే మానిటర్ ఉంటే నిలువుగా తిప్పండి. బుల్లెట్ల మధ్య సందులు అప్పుడు తెలుస్తాయి. తిప్పే వీలు లేకపోతే కాస్త దగ్గరగా కూర్చోండి, అంతకన్నా చేసేదేం లేదు.

టీవీ మీద ఆడుతుంటే గేమ్ మోడ్ పెట్టడం తప్పనిసరి. బటన్ నొక్కడానికీ షిప్ కదలడానికీ మధ్య ఆలస్యం ఉంటే మీరు ఎంత సాధన చేసినా ఆ ఆలస్యానికే అలవాటు పడతారు.

కీబోర్డ్ మీద ఆడేవాళ్లు ఒకటి పరీక్షించుకోవాలి. నేను చాలాకాలం ఒక చవక కీబోర్డ్ మీద ఆడాను. పై మూల ఎడమవైపుకి తప్పుకుంటూ లేజర్ పట్టుకున్నప్పుడల్లా చచ్చేవాణ్ణి. నా చెయ్యే బాగాలేదని నెలల తరబడి తిట్టుకున్నాక తెలిసింది: పై బాణం, ఎడమ బాణం, స్పేస్ మూడూ కలిపి నొక్కితే ఆ కీబోర్డ్ మూడోదాన్ని పట్టించుకోదు. షాట్‌ని స్పేస్ నుంచి వేరే అక్షరానికి మార్చగానే ఆ చావులు ఆగిపోయాయి.

మొదలుపెట్టే ముందు చూసుకోండి:

- రెండు బాణాలు, షాట్, బాంబు నాలుగూ ఒకేసారి నొక్కినా పనిచేస్తున్నాయా?
- మూడో బటన్‌ని ఆటోఫైర్‌గా పెట్టుకున్నారా? (పెట్టుకోండి. గంటసేపు టకటకా నొక్కితే వేళ్లు పోతాయి, పైగా చైన్ మీద ధ్యాస ఉండదు.)
- ఆట వేగం అసలు మెషీన్‌లో ఉన్నట్టే ఉందా? తెర నిండా బుల్లెట్లు వచ్చినప్పుడు ఆట కాస్త నెమ్మదిస్తుంది. అది లోపం అనుకుని సెట్టింగుల్లో తీసేయకండి. ఆ నెమ్మదిలోనే తప్పించుకునే సందు ఉంటుంది.
- పక్కన ఒక నోట్‌బుక్, పెన్ను. ఎందుకో ఏడో భాగంలో తెలుస్తుంది.

## 2. రెండు బటన్లు, నాలుగు పనులు

షాట్ బటన్ తట్టితే మామూలు కాల్పు. వెడల్పుగా పోతుంది, షిప్ వేగంగా కదులుతుంది.

అదే బటన్ నొక్కి పట్టుకుంటే లేజర్. ముందుకు సూటిగా పోతుంది, బలం ఎక్కువ, షిప్ నెమ్మదిస్తుంది.

మామూలుగా బాంబు నొక్కితే చుట్టూ పేలుడు. లేజర్ పట్టుకుని బాంబు నొక్కితే ముందుకు లావుపాటి కిరణం పోతుంది. చుట్టుముట్టినప్పుడు మొదటిది, బాస్ (స్టేజీ చివర వచ్చే పెద్ద శత్రువు) ఎదురుగా ఉన్నప్పుడు రెండోది.

లేజర్ అంటే బలమైన ఆయుధం అని మాత్రమే అనుకోకండి. అది బ్రేక్ కూడా. బుల్లెట్లు దట్టంగా ఉన్నప్పుడు షిప్‌ని నెమ్మదింపజేయడానికి లేజర్ పట్టుకోవడం అలవాటు కావాలి.

## 3. ఏ షిప్ తీసుకోవాలి

మూడు షిప్‌లు. ఎర్రది ఏ టైప్: వేగం ఎక్కువ, కాల్పు సన్నం. ఆకుపచ్చది బి టైప్: చూడ్డానికి హెలికాప్టర్, పక్క తుపాకులు మీరు కదిలే దిక్కుని బట్టి తిరుగుతాయి. నీలంది సి టైప్: నెమ్మది, కాల్పు బాగా వెడల్పు.

ప్రతి షిప్‌లో మళ్లీ రెండు రకాలు, షాట్ బలం పెరిగేది ఒకటి, లేజర్ బలం పెరిగేది ఒకటి.

చైన్ నేర్చుకోవడానికి సి టైప్‌తో మొదలుపెట్టమనే నా సలహా. తెర రెండు మూలల్లో ఉన్న చిన్న శత్రువులకు కూర్చున్న చోటు నుంచే తగులుతుంది. ఏ టైప్‌తో అయితే అటు ఇటు పరిగెత్తాలి, ఆ పరుగులో గేజ్ (చైన్ తెగడానికి ఎంత వ్యవధి మిగిలిందో చూపేది) అయిపోతుంది. బి టైప్ బాగా ఆడేవాళ్ల చేతిలో అందంగా ఉంటుంది, కొత్తవాళ్ల చేతిలో కాల్పు ఎటు పోతోందో వాళ్లకే తెలియదు.

ఏది తీసుకున్నా నెల రోజులు మార్చకండి. షిప్ మారితే రూట్ (ఎవణ్ణి ఎప్పుడు, ఎక్కడి నుంచి చంపాలో ముందే వేసుకున్న దారి) అంతా మళ్లీ మొదటికి వస్తుంది.

## 4. ముందు బతకాలి కదా

దీని మీద ఎక్కువ రాయను. స్కోర్‌కి కావలసినంత మేరకే.

షిప్ మొత్తం తగిలితే చావు కాదు. షిప్ నడుమ చిన్న చోటు ఒకటి ఉంటుంది, దానికి తగిలితేనే. రెక్కల మీదుగా బుల్లెట్లు పోతున్నా కంగారు పడొద్దు. మొదటి వారం ఇది నమ్మబుద్ధి కాదు. నమ్మండి.

బుల్లెట్లు రెండు రకాలు అనుకోండి. మీ మీద గురిపెట్టి వచ్చేవి ఒక రకం. మీరెక్కడున్నా ఒకే ఆకారంలో విచ్చుకునేవి రెండో రకం. గురిపెట్టినవాటికి ఆగి, చివర్లో కొద్దిగా పక్కకు జరిగితే చాలు. విచ్చుకునేవాటికి సందు వెతుక్కోవాలి.

గురిపెట్టిన బుల్లెట్లు వరుసగా వస్తుంటే పెద్దగా ఊగకండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా ఒకే వైపు జరగండి. బుల్లెట్లన్నీ మీ వెనకాలే తోకలా వస్తాయి. రెండో మూలకు చేరేలోపు ఒక్కసారి చటుక్కున ఎదురు దిక్కుకి దూకితే తోక తెగి సందు పడుతుంది, మళ్లీ అటు నుంచి మొదలు. మూలకు పూర్తిగా చేరేదాకా ఆగితే దూకడానికి చోటుండదు. కొత్తవాళ్ల చావుల్లో చాలా భాగం ఆ మూలల్లోనే.

కళ్లు షిప్ మీద పెట్టకండి. షిప్‌కి కొంచెం పైన, బుల్లెట్లు వచ్చే వైపు పెట్టండి. షిప్ ఎక్కడుందో ఓరకంటికే తెలుస్తుంది.

## 5. చైన్ లెక్క ఇది

ఒక శత్రువుని చంపగానే తెర మీద ఒక గేజ్ నిండి, వెంటనే తగ్గడం మొదలవుతుంది. అది ఖాళీ అయ్యేలోపు ఇంకొకణ్ణి చంపితే హిట్ పెరుగుతుంది, గేజ్ మళ్లీ నిండుతుంది. ఖాళీ అయితే హిట్స్ సున్నా. ఇదంతా చూస్తేనే తెలుస్తుంది. చూస్తే తెలియనిది పాయింట్ల లెక్క.

చైన్‌లో ఉండగా ఒకణ్ణి చంపితే వాడి పాయింట్లు మాత్రమే రావు. ఆ చైన్‌లో అప్పటిదాకా చచ్చినవాళ్లందరి పాయింట్లూ కలిసి మళ్లీ వస్తాయి. అంటే చచ్చినవాడు చైన్ ఉన్నంతకాలం ప్రతి హిట్‌కీ మీకు కిస్తీ కడుతూనే ఉంటాడు.

తేలిగ్గా అర్థం కావడానికి అంకెలు వేసుకుందాం. నలుగురు శత్రువులు: 1000, 300, 100, 100 పాయింట్లవాళ్లు.

చిన్నవాళ్లను ముందు చంపితే: 100, తర్వాత 200, తర్వాత 500, తర్వాత 1500. మొత్తం 2,300.

పెద్దవాణ్ణి ముందు చంపితే: 1000, తర్వాత 1300, తర్వాత 1400, తర్వాత 1500. మొత్తం 5,200.

అదే నలుగురు, అవే బుల్లెట్లు. వరుస మార్చినందుకు రెట్టింపు కన్నా ఎక్కువ. కాబట్టి మొదటి సూత్రం: విలువైనవాణ్ణి చైన్ మొదట్లోనే వేయండి, వాడి పాయింట్లు చివరి దాకా తిరిగి తిరిగి వస్తాయి.

ఇక చైన్ తెగితే ఎంత నష్టం? ఒక్కొక్కడు 100 పాయింట్ల చొప్పున వందమంది ఉన్నారనుకోండి.

- తెగకుండా 100 హిట్స్: 5,05,000
- 50 దగ్గర తెగి, మళ్లీ 50: 2,55,000
- 10 దగ్గర తెగి, మళ్లీ 90: 4,15,000
- 90 దగ్గర తెగి, మళ్లీ 10: అదీ 4,15,000

ఈ లెక్క నేను మొదటిసారి కాగితం మీద వేసుకున్నప్పుడు చివరి రెండు వరుసల దగ్గర ఆగిపోయాను. 90 దగ్గర తెగితే ప్రాణం ఉసూరుమంటుంది, 10 దగ్గర తెగితే పట్టించుకోం. పాయింట్లలో మాత్రం రెండూ ఒకటే. అసలు దెబ్బ నడిమధ్యలో తెగితే. స్టేజీలో ఒకచోట చైన్ ఎలాగూ తెగుతుందని తెలిస్తే, ఆ చోటు మొదట్లోకో చివర్లోకో జరిగేలా చూసుకోండి. సాధన కూడా స్టేజీ నడుమ ఉన్న గండాల మీదే ఎక్కువ పెట్టండి.

అసలు ఆటలో శత్రువుల విలువలు వేరువేరు, లేజర్ హిట్స్ కూడా కలుస్తాయి కాబట్టి అంకెలు ఇంత శుభ్రంగా రావు. ఏది లాభమో తేల్చుకోవడానికి ఈ లెక్క చాలు.

## 6. గేజ్ ఆరకుండా చూసుకోవడం

కట్టెల పొయ్యి మీద వంట చేసినవాళ్లకు ఇది వెంటనే ఎక్కుతుంది. ఉన్న కట్టెలన్నీ ఒకేసారి పొయ్యిలో కూరితే మంట భగ్గుమని లేచి, అన్నం ఉడక్కముందే ఆరిపోతుంది. ఒక్కొక్కటే ముందుకు తోస్తూ ఉండాలి. చిన్న శత్రువులు మీ కట్టెలు.

ఎనిమిదిమంది గుంపుగా వస్తే కొత్త ఆటగాడు ఒక్క ఊపులో ఎనిమిదిమందినీ ఊడ్చేస్తాడు. ఎనిమిది హిట్స్ వస్తాయి నిజమే. గేజ్ మాత్రం ఎనిమిదోవాడు చచ్చిన క్షణం నుంచే తగ్గుతుంది. తర్వాతి గుంపు వచ్చేలోపు ఖాళీ. అదే ఆరుగురిని చంపి ఇద్దరిని మిగిల్చి, గేజ్ సగానికి పైగా తగ్గాక ఏడోవాణ్ణి, మళ్లీ తగ్గాక ఎనిమిదోవాణ్ణి వేస్తే తర్వాతి గుంపు దాకా మంట నిలుస్తుంది.

చిన్నవాళ్లు లేని చోట ఏం చేయాలి? అక్కడే లేజర్. పెద్ద శత్రువు మీద లేజర్ ఆనించి ఉంచితే గేజ్ పూర్తిగా ఖాళీ కాదు. కొంచెం మిగిలి నిలబడుతుంది, హిట్స్ కూడా మెల్లగా పెరుగుతుంటాయి. పెద్ద శత్రువు అంటే లావుపాటి మొద్దు అన్నమాట. త్వరగా కాలి బూడిద కానివ్వకూడదు.

ఇక్కడో చిక్కు ఉంది, చాలామంది ఇక్కడే పడిపోతారు. లేజర్ ఆనించినప్పుడు నిలిచే గేజ్ చాలా కొంచెం. లేజర్ తీసిన మరుక్షణం అది ఖాళీ అవుతుంది. చిన్నవాణ్ణి చంపినప్పుడు దొరికేంత వ్యవధి ఇక్కడ దొరకదు.

పెద్దవాడి మీది లేజర్ నుంచి చిన్నవాళ్ల మీదకు చైన్ తెగకుండా దాటడమే వంతెన అనుకోండి. అలాంటిదొకటి దగ్గర నుంచి చూద్దాం. ఎడమవైపు పెద్ద ట్యాంక్ ఉంది. కుడివైపు నుంచి చిన్న విమానాలు రాబోతున్నాయి.

1. ట్యాంక్ మీద లేజర్ ఆనించండి. చంపడం కాదు, పట్టుకుని ఉండటం.
2. చిన్న విమానాలు తెరలోకి రాకముందే మీరు ట్యాంక్ కుడి అంచు కిందకి జరగండి. లేజర్ అంచు ట్యాంక్‌ని తాకుతూనే ఉండాలి.
3. మొదటి విమానం తెరలో కనిపించగానే తొందరపడి లేజర్ వదలొద్దు. అది మీ షాట్‌కి అందే చోటికి రానివ్వండి.
4. అందగానే లేజర్ వదిలి షాట్ తట్టండి. షాట్ విమానానికి చేరడానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. విమానం దగ్గరగా ఉంటేనే వదలండి.
5. మొదటి విమానం చచ్చింది, గేజ్ నిండింది. ఇప్పుడు మీకు తీరిక ఉంది. మిగతావాళ్లను ఒక్కొక్కరినే.

మూడో మెట్టు దగ్గర చెయ్యి ఆగదు. శత్రువు కనబడితే కాల్చాలనే కోరిక అంత బలమైనది. ఆ ఒక్క క్షణం ఓర్చుకోగలిగితే సగం చైన్ వచ్చినట్టే.

ఇంకొక దారి: పెద్దవాణ్ణి చావుకి దగ్గరగా తెచ్చి, చిన్నవాళ్లు వచ్చే క్షణానికి సరిగ్గా చంపడం. చావు హిట్ గేజ్ నింపుతుంది, అక్కడి నుంచి చిన్నవాళ్ల మీదకు. ఏ శత్రువు ఎన్ని క్షణాల లేజర్‌కి చస్తాడో కంఠతా వస్తేనే ఇది కుదురుతుంది. మొదటి పద్ధతి కుదిరాక దీని జోలికి వెళ్లండి.

## 7. మొదటి స్టేజీకి రూట్ రాసుకోండి

నోట్‌బుక్ ఇందుకు. ఆట మధ్యలో ఆలోచించి చైన్ కట్టడం ఎవరివల్లా కాదు. ముందే నిర్ణయించుకోవాలి. శత్రువులు ప్రతిసారీ అదే వరుసలో, అదే చోట వస్తారు కాబట్టి నిర్ణయించుకోవచ్చు.

మొదటి రోజు: స్కోర్ సంగతి వదిలేసి స్టేజీ రెండు మూడుసార్లు ఆడండి. గుంపులకు మీకు గుర్తుండే పేర్లు పెట్టుకోండి. నా నోట్‌బుక్‌లో "ఎడమ కాకుల గుంపు", "లావాటివాడు", "జంట ట్యాంకులు" అని ఉంటాయి. ఎవరికీ చూపించక్కర్లేదు.

రెండో రోజు: మామూలుగా ఆడుతూ, చైన్ ఎక్కడ తెగిందో ప్రతిసారీ రాయండి. పదిసార్లు ఆడాక చూస్తే తెగిన చోట్లు పది ఉండవు. మూడో నాలుగో ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ.

మూడో రోజు: ఒక్క చోటు పట్టుకోండి. దానికి ముందు గుంపులో ఎవరిని మిగల్చాలి? లేజర్ ఆనించడానికి పెద్దవాడెవడైనా ఉన్నాడా? తర్వాతి గుంపు ఏ మూల నుంచి వస్తుంది, అప్పటికి నేనెక్కడ ఉండాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఒక వరుసలో రాసి, అదే ఆడండి.

ఎమ్యులేటర్‌లో (పాత మెషీన్ ఆటల్ని కంప్యూటర్ మీద నడిపే సాఫ్ట్‌వేర్) స్టేట్ సేవ్, అంటే ఆటని ఆ క్షణంలో ఉన్నది ఉన్నట్టు సేవ్ చేసుకునే వీలుంటే ఆ చోటుకు పది సెకన్ల ముందు సేవ్ చేసి అదే ముక్క ఆడండి. గండం మొదలయ్యే చోటే సేవ్ చేయకండి. అప్పటికి గేజ్ ఎంత ఉంది, మీరెక్కడున్నారు అన్నది ముందు పది సెకన్లే నిర్ణయిస్తాయి.

రూట్ వరుసగా మూడుసార్లు కుదిరితేనే తర్వాతి చోటుకి వెళ్లండి. ఒకసారి కుదరడం అదృష్టం కావచ్చు.

## 8. తేనెటీగలు

ప్రతి స్టేజీలో 13 తేనెటీగ గుర్తులు దాగి ఉంటాయి. దాగిన చోటు మీద లేజర్ పడితే బయటపడతాయి, అప్పుడు వెళ్లి అందుకోవాలి.

వాటి విలువ ఇలా పెరుగుతుంది: 100, 200, 400, 800, 1000, 2000, 4000, 8000, 10,000, 20,000, 40,000, 80,000, చివరిది 1,00,000. పన్నెండు అందుకుని పదమూడోది వదిలేస్తే పోయేది ఒక్క తేనెటీగ కాదు, లక్ష. మధ్యలో చస్తే విలువ మళ్లీ కింది నుంచి మొదలు.

వీటిని వెతకడానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. ఆ పూట చైన్ గురించి ఆలోచించొద్దు. నేల మీద లేజర్‌తో ఇల్లు తుడిచినట్టు అటూ ఇటూ తిప్పుతూ పోండి. దొరికినవాటి చోట్లు నోట్‌బుక్‌లో గుంపుల పేర్ల పక్కనే రాయండి: "జంట ట్యాంకుల కింద, కుడి" అని.

తర్వాతే చైన్ రూట్‌లో కలపాలి. ఖాళీ నేల మీద లేజర్ తిప్పితే చైన్‌కి తిండి దొరకదు. కాబట్టి తేనెటీగ కోసం పక్కకు వెళ్లేముందు ఒకరిద్దరు చిన్నవాళ్లను మిగుల్చుకుని వెళ్లండి. బయటపెట్టడం, వెళ్లి అందుకోవడం రెండు వేరు పనులు. లేజర్ దారిలో ఉన్నప్పుడు బయటపెట్టి, అది తెర కిందికి జారే దారిలో మీరు ఉండేలా చూసుకుంటే ప్రత్యేకంగా పరిగెత్తక్కర్లేదు.

తేనెటీగ, చైన్ రెండింట్లో ఒకటే కుదిరే చోట ఏది వదలాలి? మొదటి అయిదారు తేనెటీగల విలువ తక్కువే అనిపించి వదిలేస్తే చివరి లక్ష కూడా పోతుంది. పదమూడూ తీయగలిగితే తీయండి. తీయలేని స్టేజీలో మొత్తం వదిలేసి చైన్ చూసుకోండి. ఏడెనిమిది తీసి ఆపడం అన్నిటికన్నా దండగ.

## 9. బాంబు

బాంబుల స్టాక్ నిండి ఉండగా ఇంకొకటి అందుకుంటే మాక్సిమమ్ అని పడుతుంది, అదనపు పాయింట్లు వస్తాయి. బాంబు వేసినా చచ్చినా అది పోతుంది. అందుకే బాగా ఆడేవాళ్లు బాంబుల్ని పిసినారిలా దాచుకుంటారు.

వాళ్లను చూసి మీరూ దాచుకోకండి, అప్పుడే కాదు. బాంబు చేతిలో పెట్టుకుని చచ్చేకన్నా బాంబు వేసి బతకడం నయం. చస్తే చైన్, తేనెటీగల విలువ, మాక్సిమమ్, ఫైర్ పవర్ అన్నీ పోతాయి. స్టేజీ బాంబు లేకుండా మూడుసార్లు దాటగలిగాక మాక్సిమమ్ గురించి ఆలోచించండి.

## 10. బాస్ దగ్గర

బాస్ మీద లేజర్ ఆనినంతసేపూ హిట్స్ పెరుగుతూనే ఉంటాయి. లేజర్ కొట్టేటప్పుడు షిప్ చుట్టూ వెలుగు ఒకటి కనిపిస్తుంది. అది శత్రువుకి తగిలేంత దగ్గరగా వెళ్తే హిట్స్ ఇంకా త్వరగా పెరుగుతాయి, బాస్ త్వరగా చస్తాడు.

ఎంత దగ్గరికి? బాస్ ఒక వరస బుల్లెట్లు వదిలి, తర్వాతి వరసకు ముందు ఆగే క్షణం ఒకటి ఉంటుంది. ఆ క్షణంలో పైకి, వరస మొదలవగానే కిందికి. ముందు కింద నుంచే ఆడి ఆ లయ పట్టుకోండి. తప్పుకునేటప్పుడు కూడా లేజర్ బాస్ మీద నుంచి తొలగకుండా అడ్డంగా తక్కువ, నిలువుగా ఎక్కువ కదలాలి. ఇది అసహజంగా ఉంటుంది, అందరూ అడ్డంగా తప్పుకోవడానికే అలవాటు పడి ఉంటారు.

## 11. తరచూ జరిగే తప్పులు, దిద్దుబాట్లు

హిట్స్ అంకె వైపే చూడటం. అంకె ఎంతయితే మీకేంటి, తెగకపోతే అదే పెరుగుతుంది. చూడాల్సింది గేజ్. అదీ ఓరకంటితో.

చైన్ తెగగానే ఆట రీస్టార్ట్ చేయడం. ఇది నాకు పెద్ద జబ్బు. మొదటి స్టేజీ వందలసార్లు ఆడి, మూడో స్టేజీ ముఖమే చూడనివాణ్ణి నేను. రోజులో మొదటి అరగంట రీస్టార్ట్ చేసుకోండి, తర్వాత ఏం తెగినా చివరి దాకా ఆడాలి అని నియమం పెట్టుకోండి.

పెద్దవాణ్ణి చంపేశాక ఏం చేయాలో తెలియక నిలబడటం. లేజర్ ఆనించే ముందే తర్వాతి కట్టె ఎక్కడుందో తెలిసి ఉండాలి. నోట్‌బుక్‌లో ప్రతి పెద్దవాడి పక్కన బాణం గుర్తు వేసి తర్వాతి గుంపు పేరు రాయండి.

ఆటోఫైర్ వదలకుండా పట్టుకునే ఉండటం. మిగల్చాలనుకున్న ఇద్దరు కూడా దారిలో చస్తారు. కాల్పు ఆపడం కూడా ఒక ఎత్తే. వేలు పైకి తీయడం సాధన చేయండి.

ఒకరి రీప్లే చూసి అలాగే ఆడబోవడం. వాళ్ల షిప్ వేరు, వాళ్ల చెయ్యి వేరు. రీప్లేలో ఒక్కటే చూడండి: మీకు తెగే చోట వాళ్లు ఎవరిని మిగిల్చారు?

అలసిపోయాక ఇంకొక్కసారి అనుకోవడం. గంట దాటాక కళ్లు బుల్లెట్లను వెంటాడతాయి కానీ సందుల్ని చూడవు. లేచి నీళ్లు తాగి రండి.

## 12. స్కోర్ ఆటకు కూర్చునే ముందు

- మొదటి స్టేజీ రూట్ చూడకుండా చెప్పగలను.
- తెగే చోట్లు ఎక్కడో, ఒక్కోచోట ఎవరిని మిగల్చాలో తెలుసు.
- పదమూడు తేనెటీగలూ తీసే స్టేజీలు ఏవో, వదిలేసేవి ఏవో నిర్ణయించుకున్నాను.
- బాంబు తప్పక వేసే చోట్లు ముందే గుర్తుపెట్టుకున్నాను.
- రీస్టార్ట్ నియమం గుర్తుంది.

ఆట ఆరు స్టేజీలతో అయిపోదు. బాగా ఆడినవాళ్లకు రెండో రౌండ్ తెరుచుకుంటుంది, దాని చివర హిబాచి అనే బాస్ ఉంటుంది. దాని గురించి ఇప్పుడే టెన్షన్ పడొద్దు. మొదటి రెండు స్టేజీల చైన్ కుదిరితే చాలు, స్కోర్‌లో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇదే పద్ధతిని తర్వాతి భాగాలకు తీసుకెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. 2002 నాటి దాయ్‌ఓజోలో హైపర్ అనే ప్రత్యేక శక్తి వచ్చి చేరింది. అది హిట్స్ పెంచుతుంది, బదులుగా ఆట కష్టాన్నీ పెంచుతుంది. చైన్ తెగితే అక్కడా క్షమాపణ లేదు. 2008 నాటి రిసరెక్షన్ ఇప్పుడు కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో కూడా దొరుకుతుంది. అందులో గేజ్ అయిపోయినా హిట్స్ ఒక్కసారిగా సున్నాకి పడవు, కరుగుతూ పోతాయి, ఈలోపు అందుకోవచ్చు. చైన్ అలవాటు చేసుకోవడానికి అది మెత్తటి చోటు. కానీ అక్కడే నేర్చుకుని 1997 ఆటకి వచ్చినవాళ్లు మొదటి వారం ఖాళీ గేజ్ వైపు చూస్తూ, హిట్స్ ఇంకా ఉన్నాయేమో అనుకుంటూ ఆడతారు.